చెల్లిన సంతకం

ఇంటర్నెట్‌లో సమాచారం వెళ్లే దారులకు కాపలా నేర్పే శిక్షణ ఆ సాయంత్రమే ముగిసింది. చీకటి పడ్డాక కూడా గుల్నాజ్ వరంగల్ ల్యాబ్‌లో ఒక్కతే కూర్చుని, తనకిచ్చిన ఇంటర్నెట్ చిరునామాలకు వెళ్లే దారి మీద డిజిటల్ సంతకం పెట్టడం మళ్లీ సాధన చేస్తోంది. దొంగ దారి వస్తే తెర మీద ఎర్రగా, సంతకం చెల్లిన అసలు దారైతే పచ్చగా కనిపించాలి.

ఉన్నట్టుండి అవే చిరునామాలకు ఇంకో దారి వచ్చింది. అది ఆమె పెట్టింది కాదు. అయినా పచ్చగా వెలిగింది. దాని మీద సంతకం ఆమెదే.

వెంటనే శిక్షకురాలు పద్మలతకు ఫోన్ చేసింది.

"మేడం, నేను గుల్నాజ్‌ను. నా సంతకం ఇంకెవరో పెట్టిండ్రు."

అవతల ఆటో చప్పుడు మధ్య పద్మలత గొంతు వినపడింది.

"ఎవరమ్మా నువ్వు? గుల్నాజ్ ఫోన్ నీ దగ్గరెట్లున్నది? ఆమె నా పక్కన్నే కూసున్నది."

ఆ వెనకే ఫోన్‌లోంచి గుల్నాజ్‌కు తన గొంతే వినిపించింది.

"ఎవరు మేడం?"