లోను పిల్ల

కత్తెరయ్య కోటు చెయ్యి కత్తిరిస్తుండగా ఫోను మోగింది.

ఆయన అసలు పేరు వేరే. దర్జీగా గుడ్డలు కత్తిరించడంలో ఎంత దిట్టో, వచ్చిన ఫోన్లు కత్తిరించడంలో అంతకు రెట్టింపు దిట్ట. అందుకని వీధివీధంతా ఆ పేరే ఖాయం చేసింది.

వేళాపాళా లేకుండా ఏదో ఒకటి అంటగట్టాలని చూసే ఫోన్లంటే ఆయనకు ఒళ్ళుమంట. పోగాపోగా ఆ మంట దగ్గరే చలి కాచుకోవడం నేర్చుకున్నాడు.

"బీమా తీసుకుంటారా సార్?" అంటే, "మా ఇంట్లో భీముడు లేడయ్యా, ఒక నకులుడున్నాడు, మాట్లాడు" అని బావమరిదికి ఇచ్చేవాడు.

"ప్లాటు కొంటారా?" అంటే, "ప్లేటు కొనడానికే దిక్కులేదు" అనేవాడు.

మొన్న ఇలాగే ఆడిస్తే, ఫోను చేసిన ఒక కుర్రాడు ఒళ్ళు మండి, సెప్టిక్ ట్యాంకు ఖాళీ చేసే లారీని ఏకంగా ఈయన ఇంటి మీదికి తోలాడు. ఆ కంపుకథ చెప్పి చెప్పి కత్తెరయ్య ఇప్పటికీ వీధిని నవ్విస్తూనే ఉన్నాడు.

"ఎవరు బావా?" కాజాలు కుడుతున్న బావమరిది తలెత్తాడు.

"ఇంకెవర్రా, లోను పిల్ల! మధ్యాహ్నమైందిగా."

స్పీకరు నొక్కాడు.

"నమస్తే సార్. లోను ఏమైనా కావాలా?"

"లోను సంగతి లోనే తేలాలమ్మా. ఉండు, మా ఇంటి ఆర్థికమంత్రి దగ్గరికి తీసుకెళ్తా."

రోజూ ఆ పిల్లకు ఆయన వేసే శిక్ష ఇదే. ఇంట్లో ఉన్న ఒక్క ఫోనునూ తీసుకెళ్ళి లోపలి గదిలో భార్య పక్కన పడేసి వస్తాడు. అవతల ఆ పిల్ల ఎంతసేపు అరిచి గీపెట్టినా ఆయనకు పట్టదు.

"ఇంత ఆడించినా మళ్ళీ చేస్తుంది బావా!"

"సిగ్గు కూడా ఎవరికో లోనుకిచ్చేసినట్టుంది."

లోపల ఆయన భార్య గోడవైపు తిరిగి పడుకుని ఉంది. పొద్దుటినుంచీ గుండెల్లో బరువుగా ఉందంటోంది.

"ఇదుగో, నీ బేరం" అని ఫోను దిండు పక్కన పెట్టాడు.

"ఏమండీ, డాక్టరు దగ్గరికి ఇప్పుడే వెళ్దామా?"

"ఈ కోటొక్కటి అవనీవే. సాయంత్రం పెళ్ళికొడుకు వచ్చి నెత్తిన కూర్చుంటాడు. అయినా ఇన్నేళ్ళు నన్ను మోశావు, గుండె బరువెక్కదూ?"

ఆవిడ నవ్వబోయింది. దగ్గొచ్చింది.

మిషను రొదకు నిద్ర చెడుతుందని తలుపు దగ్గరగా వేసి మరీ వచ్చాడు.

కోటుకు రెండో చెయ్యి అతుకుతుండగా వీధిలో సైరన్ మోగి, సరిగ్గా గుమ్మం ముందు ఆగింది. స్ట్రెచరుతో ఒకతను, సంచీతో ఒక నర్సు దిగారు.

"ఈ ఇంట్లో ఒకావిడకు ఊపిరాడటం లేదని ఫోనొచ్చింది."

కత్తెరయ్య బావమరిదికి కన్నుగీటాడు.

"చూశావట్రా? లోను పిల్లకీ రోషమొచ్చింది! వాడు లారీ పంపితే ఇది ఆంబులెన్సే పంపింది."

"దెబ్బకు దెబ్బ బావా!"

"ఒక్కసారి లోపల చూసి వెళ్ళిపోతాం సార్." నర్సు గడప దాటబోయింది.

ఆయన ద్వారబంధానికి అడ్డంగా చెయ్యి పెట్టాడు.

"మా ఆవిడ ఇప్పుడే కునుకు తీసింది. లేపారంటే ఆ స్ట్రెచరు నేనెక్కాల్సొస్తుంది!"

"ఫోన్ చేసినమ్మాయి ఏడుస్తోందండీ."

"బేరం కుదరకపోతే ఏడవదూ మరి?"

జనం పోగయ్యారు. నలుగురు పోగైతే కత్తెరయ్య నోరు ఊరుకోదు. సెప్టిక్ లారీ కథ మళ్ళీ మొదటినుంచి ఎత్తుకున్నాడు. లారీవాడు పైపు పట్టుకుని వంటింట్లోకి దూరబోయిన చోట జనం పగలబడి నవ్వారు.

ఆ నవ్వుల్లో నర్సు ఆయన చేతికింద నుంచి దూరి వెళ్ళి లోపలి తలుపు తోసింది.

"ఇటు రండి" అని ఒక్క మాట వినిపించింది.

కత్తెరయ్య వెళ్ళేసరికి నర్సు ఆవిడ మెడ మీదినుంచి వేళ్ళు తీస్తోంది.

"మీరు ఆ కథ మొదలెట్టకముందే రానిచ్చి ఉంటే..." అంది.

"అక్కా!" బావమరిది మంచంకోడు పట్టుకుని కూలబడ్డాడు.

దిండు పక్కన ఫోను ఇంకా మాట్లాడుతోంది.

"వచ్చేశారు పిన్నీ. సైరన్ వినిపించింది. బాబాయిగారు లోపలికి తీసుకొస్తున్నారు, అవిగో నవ్వులు కూడా వినబడుతున్నాయి, ఇంక ఏం భయం లేదు. కళ్ళు మూసుకోకు పిన్నీ, నాతో ఏదో ఒకటి అను..."

కత్తెరయ్య ఫోను చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"ఎవరమ్మా నువ్వు?"

"బాబాయిగారా? పిన్నికెలా ఉంది? నేనండీ, రోజూ చేసే అమ్మాయిని. మాట్లాడుతూనే ఆయాసపడిపోతుంటే పిన్ని ఎప్పుడో చెప్పిన అడ్రసు మా పక్కింటివాళ్ళ ఫోన్లోంచి ఆంబులెన్సుకు చెప్పాను."

"లోను...?"



"ఆ ఉద్యోగం మానేసి ఏడాదైందండీ. పిన్ని అన్నం తిందో లేదో, మాత్ర వేసుకుందో లేదో అడగడానికే చేస్తున్నాను. ఏదో ఒకటి అమ్మజూపితే తప్ప మీరు ఫోను ఆవిడ దగ్గర పెట్టరు కదా, బాబాయిగారూ."