లైబ్రరీలో లొల్లి

రాఘవేందర్ చిక్కడపల్లి లైబ్రరీలోకి వచ్చేసరికి సంజన కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుని పేపరు చదువుతోంది. చదవడం లేదనీ, పేపరు వెనక దాక్కుందనీ అతనికి చూడగానే తెలిసిపోయింది.

ఒక చేతిలో టిఫిన్ డబ్బా, ఇంకో చేతిలో తడిసిన గొడుగు. రెండూ కింద పెట్టి, వేలితో పేపరు మీద తట్టి, అప్పుడు మొదలుపెట్టాడు.

"ఏంది, ఇంకా గీడనే కూసున్నవ్? ఈదయ్య సార్ ఎదురుచూస్తుంటడు."

"నేను వస్తలేను."

"నిన్న వస్తనంటివి గద!"

"నిన్నటి మాట నిన్ననే. ఇయ్యాల వస్తలేను."

ఇద్దరూ ఒకే బళ్ళో చదువుకున్నారు. అతను ఇప్పుడు నారాయణగూడలో ఈదయ్య గారి ప్రెస్సులో మెషీన్ నడుపుతున్నాడు. ఆ మెషీన్ మోతకు తట్టుకోలేక వచ్చినవాడు వచ్చినట్టే పారిపోతుంటే, అతనొక్కడే ఏళ్ళ తరబడి పాతుకుపోయాడు. ఈ మధ్య ఈదయ్య కంప్యూటర్ కొన్నాడు. తెలుగు కంపోజింగ్ చేసే మనిషి కావాలి. సంజన అశోక్‌నగర్‌లో ఆ పని నేర్చుకుని ఏడాది దాటింది. ఈ రోజు రాకపోతే ఆ కుర్చీలో ఈదయ్య గారి బామ్మర్ది కూతురు కూర్చుంటుంది.

"మళ్ళ అదే జరుగుతది" అంది సంజన. "హైదర్‌గూడల పని కోసం పోతే ఏమైందో తెల్వదా నీకు? ఆ ఆఫీసర్ నా మొఖం గూడ చూడలే. అన్నీ మా నాయననే అడిగిండు. వాళ్ళిద్దరే మాట్లాడుకున్నరు. నేను నడుమ బొమ్మ లెక్క కూసున్న."

"తర్వాత?"

"చాయ్ ఇప్పిచ్చి పంపిండు."

రాఘవేందర్ నవ్వాడు. సంజనకు ఒళ్ళు మండింది.

"నవ్వకు. పని రాదంటే ఒప్పుకుంట. ఏం పని వస్తదో చూపియ్యమని గూడ అనకపోతే ఎట్ల?"

అని మొహం కిటికీ వైపు తిప్పేసుకుంది. ఆమెతో ఇదే చిక్కు. ఒకసారి మొహం తిప్పుకుందంటే ఇక ఎన్ని చెప్పినా గోడకు చెప్పినట్టే. రాఘవేందర్ లేచి, బల్ల చుట్టూ తిరిగి, కిటికీకి అడ్డంగా వచ్చి నిలబడ్డాడు.

"నన్నెట్ల తీసుకున్నడో ఎరుకనా? మొదలు గేటు కాడ్నే పొమ్మన్నడు. పెండ్లిళ్ళ సీజన్ల ఉన్న మనిషి పారిపోయిండు. ఇంకెవ్వడు దొరకలే. గట్ల పిలిచిండు. అండ్ల నా గొప్పతనం ఏం లేదు, ఆయన పరేషానీ ఉన్నది."

సంజనకు నవ్వు ఆగలేదు.

పోటీ పరీక్షకు చదువుకుంటున్న ఎదుటి బల్ల ఆయన, గైడు మూసేసి మరీ వీళ్ళనే చూస్తున్నాడు.

"జర చిన్నగ మాట్లాడు" అంది సంజన. "ఆయన మనల్నే చూస్తున్నడు."

"చూడనీ. టికెట్ లేని సినిమా."

లైబ్రరీ ఉద్యోగి జోగారావు అటుగా వచ్చాడు. ఎప్పుడు చూసినా పెదాల మీద వేలు పెట్టుకుని తిరిగే మనిషి. కుర్చీ లాగినవాణ్ణి కూడా కళ్ళతోనే కాల్చేస్తాడు. ఈ రోజు ఏ కళనున్నాడో, వీళ్ళను చూసి చిరునవ్వు నవ్వి వెళ్ళిపోయాడు.

సంజన పేపరు మడిచింది.

"ఒక షరతు. ఆడ నా తరఫున నువ్వు ఒక్క ముచ్చట గూడ చెప్పొద్దు. నా జవాబు నేనే ఇచ్చుకుంట."

"ఒట్టు."

ప్రెస్సులో ఈదయ్య అలవాటుగా రాఘవేందర్ వైపే తిరిగాడు. రాఘవేందర్ ఒట్టు తప్పలేదు. తల పైకెత్తి, కప్పుకు ఎన్ని దూలాలున్నాయో చూస్తూ నిలబడ్డాడు. ఆయన రెండుసార్లు అతని భుజం తట్టాడు. లాభం లేకపోయింది. గత్యంతరం లేక సంజన వైపు తిరిగి, ఒక పెళ్ళి కార్డు మ్యాటర్ ఆమె ముందు పెట్టాడు.

ఇన్నాళ్ళలో ఒక మనిషి పని చూపించమనడం ఇదే మొదలు. సంజన కుర్చీ లాక్కుని కీబోర్డు ముందు కూర్చుంది. గణపతి ప్రార్థన నుంచి బంధుమిత్రుల అభినందనల దాకా కొట్టేసి, లేచి పక్కకు జరిగింది.

ఈదయ్య తెర మీదికి వంగి చదివాడు. మళ్ళీ చదివాడు. తర్వాత ఆమె లేచిన కుర్చీని చూపించి, మళ్ళీ కూర్చోమని సైగ చేశాడు. ఇంకో కార్డు మ్యాటర్ తెచ్చి ముందు పెట్టాడు. ఆ తర్వాత ఇంకోటి. పని దొరికిందని ఆమెకు మూడో కార్డు మధ్యలో అర్థమైంది.

సాయంత్రం లైబ్రరీలో వదిలేసిన సంచి కోసం ఇద్దరూ తిరిగి వచ్చారు. సంచి తీసుకుని పోవచ్చు. కానీ సంతోషం కాలు కదలనిస్తేగా! అదే కిటికీ పక్క మళ్ళీ కూలబడ్డారు.

"మా నాయనకు నువ్వు చెప్తవా, నేను చెప్పాల్నా?"

"నీ జవాబు నువ్వే ఇచ్చుకుంటవంటివి గద!"

సంజన పకాలున నవ్వి చెయ్యి చాపింది. అతను అరచేత్తో అరచేతిని ఫెడేల్మని చరిచాడు.

హాలంతా ఉలిక్కిపడింది. వెనక బల్లల మధ్య నుంచి జోగారావు పరుగున వచ్చాడు.

"ఏంటండీ ఈ చప్పట్లు? పొద్దున అంతసేపు కూర్చున్నా చడీచప్పుడు లేదు, ఎంత బుద్ధిమంతులో అని మురిసిపోయానే!"

ఆ కేక హాల్లో అందరికీ వినిపించింది, పుట్టుకతోనే చెవులు వినపడక, పొద్దుట్నుంచీ చేతులతోనే పోట్లాడుకుంటున్న ఆ ఇద్దరికీ తప్ప.