లీటరుకి రెండు కిలోమీటర్లు

"రోజూ ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాననే చెప్తావా? రయ్యిమని దూసుకుపోయే స్పోర్ట్స్ కారుకి ఆసుపత్రి దారే దొరకలేదా?" ఆసుపత్రి పార్కింగ్‌లో కారెక్కుతూనే భార్య నిలదీసింది. పై అంతస్తులో, ఐసీయూలో వాళ్ళ కూతురుంది.

భర్త స్టీరింగ్ ముందే కూర్చుని ఉన్నాడు. ఇంజన్ ఆడుతూనే ఉంది.

ఆమె మైలేజీ మీటరు చూసింది. "నేను నడిపితే లీటరుకి తొమ్మిది వచ్చేది. రెండుకి పడిపోయిందేంటి? ఎక్కడెక్కడ తిప్పావు?"

"తిప్పలేదు. రోజూ వచ్చి ఇక్కడే కూర్చుంటున్నా. వెళ్ళిపోదామని స్టార్ట్ చేస్తాను. కదలలేను."

"పైకి రావచ్చుగా!"

"'నాన్నా, ఇంటికెప్పుడు?' అంటుంది. డాక్టరు ఆశ వదులుకోమన్నాక దానికేం చెప్పను?"

ఆమె చెయ్యి చాపి ఇంజన్ ఆపేసింది.

"నన్నూ అదే అడుగుతోంది. ఒక్కదాన్నే అబద్ధం చెప్పడం నావల్ల కావట్లేదు. రా."