పసుపు కింద దేవుడు

జాతర పొద్దున్న సముద్రం ఒడ్డు గుడిలో బుచ్చమ్మ అమ్మవారికి స్నానం చేయిస్తూ, ఎందుకో చింతపండు పెట్టి తోమింది. ఏళ్లుగా పేరుకున్న పసుపు ఊడిపోయి సాగిన చెవులు, ఉంగరాల జుట్టు, సగం మూసిన కళ్లు బయటపడ్డాయి.

"బుద్ధుడు!" అన్నారు కోళ్లు పట్టుకుని నిలబడ్డ జనం.

బుచ్చమ్మ మొగుడు అప్పలస్వామే పూజారి. అమ్మవారికి పెట్టిన బ్రాందీ అంతా ఏటా ఆయనే తాగేవాడు. సీసాల వైపు దిగులుగా చూశాడు.

"ఈ బుద్ధుడు కోడి తినడు, మందు ముట్టడు. కొబ్బరికాయ కొట్టీయి మావా," అంది బుచ్చమ్మ.

"బుద్ధుడూ విష్ణుమూర్తి అవతారవేనే! మొదటి అవతారం సేపే కదా, దాన్ని రోజూ పులుసెట్టుకుంటన్నాం. ఈ అవతారానికి కోడిని కోత్తే తప్పేటి?"

"సేప వద్దని సెప్పనేదు. ఈయన సెప్పాడు."

జనం నవ్వారు. కోళ్లు బతికిపోయాయి. బ్రాందీ ఇసకలో పోశారు. పెళ్లయ్యాక మొదటిసారి అప్పలస్వామి జాతర నుంచి తూలకుండా ఇంటికి నడిచాడు.

సాయంత్రం పక్కింటావిడ విగ్రహానికి మళ్లీ పూసేద్దామని పసుపు ముద్ద పట్టుకుని గుడికొచ్చింది. "నీళ్లు పోసిన ఆడోళ్లందరికీ ఈయన బుద్ధుడని తెల్సు కదా వదినా. ఇన్నేళ్లూ నేంది, ఇయ్యాల ఎందుకు తోమీసినావు?"

"మీ అన్న లివరు పాడైపోనాది. ఇంక తాగితే దక్కడని పలాస డాక్టరు సెప్పాడు. నా మాట ఇంటాడా? దేవుడి మాటైనా ఇంటాడని..." బుచ్చమ్మ కళ్లు తుడుచుకుంది.

పక్కింటావిడ పసుపు ముద్దను కొంగులో దాచేసింది.

"ఈయన్నిలాగే ఉండనీ వదినా. మాయింటాయనా తాగుతాడు."