బాణం గుర్తు

“ఎవరు చెబితే తారుమారు చేశారు?” ప్రొఫెసరమ్మ రిపోర్టును బల్లమీద విసిరికొట్టింది.

రాళ్ళు కోసే పెద్దాయన రంపం ఆపి, కళ్ళద్దాల మీది తెల్లటి పొడి తుడుచుకున్నాడు. “నేనేం మార్చలేదు మేడమ్.”

ఊటనీరు ఏటేటా పాత పొర మీద ఒక కొత్త సున్నపు పొర వదిలి వెళ్తుంది. ఒక్కో పొరా గీరి ఆ పొడిని మిషన్లో పెడితే, ఆనాటి వానలూ కరువులూ బయటపడతాయి. ముందు కరువు, తర్వాత వానలు అని చెప్పింది పోయినేడు తెచ్చిన రాయి. ఆ మాటతోనే ఆమెకు పేరొచ్చింది. అదే ఊట దగ్గర దొరికిన ఈ రాయి అడ్డం తిరిగి, ముందు వానలు, తర్వాత కరువు అంటోంది. పైగా ఆమెంటే గిట్టని పక్క ల్యాబువాళ్ళతో ఈయన రోజూ టీ తాగుతాడు. అనుమానించడానికి ఇంకేం కావాలి?

“వాళ్ళేం ఆశ చూపించారు?”

ఆయన రాయి ముక్క తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. అందులో నాచు కాడల చుట్టూ సున్నం పేరుకున్న సన్నటి గొట్టాలు కనిపిస్తున్నాయి.

“నాచు పైకే కదా మేడమ్ పెరిగేది? పైవైపు ఇదీ అని మీరు గీసిన బాణమేమో కిందికి చూస్తోంది. అందుకే ఈసారి నాచును నమ్మి పొరలకు నంబర్లు వేశాను.”

ఆమె ముక్కను తిప్పి బాణం వంక చూసింది. ఆ బాణాలు ఊట దగ్గర గీసినవి కావు. రాళ్ళన్నీ జీపులో దొర్లుకుంటూ వచ్చాక, గుర్తున్నంతలో గీసినవి.

“మరి... పోయినేటి రాయికి?”

“అప్పుడు నేనిక్కడికి కొత్త కదా మేడమ్. మీ బాణాన్నే నమ్మాను.”