చుక్క కారని కిటికీ

“ఇది కర్రేటమ్మా, రస్కా?” అంటూ నరేష్ కిటికీ అడుగు చెక్కని వేలితో నొక్కాడు. పుచ్చిన పొట్టు గుప్పెడు ఊడి వంటగదిలో రాలింది. “రేపే పీకించేత్తాను. జరిపే అద్దాల కిటికీ ఎట్టిద్దాం. వానొచ్చినా నీ పొయ్యి తడవదు.”

“ఆ అద్దాలది సగమే తెరుచుకుంటాదిరా,” అంది సీతాలు. “నాకు ఒడ్డంతా కనబడాల. మీ అయ్య పడవ సూసే కదా నాను ఎసరెడతాను! కిటికీ పీకితే నన్ను కూడా పీకి పట్టుకెళ్లు.”

వీధరుగు మీద చుట్ట కాలుస్తున్న తవిటయ్య ఈ గొడవ విని లోపలికి తొంగి చూశాడు. జాలరిపేటలో కర్ర పడవలన్నీ ఆయన చేతి మీదుగా సముద్రంలోకి దిగినవే. ఫైబర్ పడవలొచ్చాక ఆయన ఉలికి పని లేదు.

“ఈ పని నాకిచ్చీయే సీతాలూ. సముద్రాన్నే ఆపినోణ్ణి, వాన నీళ్లొక లెక్కేటి?”

“పడవలోడికి కిటికీ పనేటి తాతా?” నరేష్ నవ్వాడు. “సరే, సెయ్యి. సాయంత్రం మోటారు పైపు ఎట్టి నీళ్లు కొడతాను. సుక్క లోపలికొచ్చిందా, అద్దాల కిటికీయే.”

“రాకపోతే?” అంది సీతాలు.

“మళ్లీ దీని జోలికి రాను. ఒట్టు.”

నరేష్ అచ్యుతాపురం కంపెనీ బస్సెక్కాడు. సీతాలు చేపల గంప ఎత్తుకుంది. తవిటయ్య ఉలి నూరుకున్నాడు. పుచ్చిన చెక్కని గట్టి కర్ర తగిలేదాకా చెక్కేసి, ఆ చోట టేకు ముక్క అతికించాడు. పడవకి చేసినట్టే, ఎక్కడ సందు కనబడితే అక్కడ దూది తాడు కూరి, గుగ్గిలం కాచి పూశాడు. పైన నీలం రంగేశాడు. పని సాగినంతసేపూ ఆయన కూనిరాగం వీధి చివరిదాకా వినబడింది.

సాయంత్రం నరేష్ పైపు పట్టుకుని బయట నిలబడ్డాడు. లోపల సీతాలు కొత్త చెక్క మీద అరచెయ్యి ఆన్చి, ఊపిరి బిగబట్టింది. నీళ్లు రెక్కల మీద, మూలల్లో, అడుగున దబదబా కొట్టాయి.

“ఏటమ్మా, వచ్చిందా?”

“నా సెయ్యి తడవనే లేదురా!”

పొరుగింటి సూర్యకళ చప్పట్లు కొట్టింది. “ఒరే నరేసూ, ఈ కిటికీ ఏసుకుని సముద్రంలోకి యేటకెళ్లిపోవచ్చురా!”

నరేష్ పైపు పడేసి, తవిటయ్యని అమాంతం ఎత్తి గిర్రున తిప్పాడు. “ఓడిపోయాను తాతా!”

“ఉండండి, మీ అయ్య పడవొచ్చిందేమో సూత్తాను,” అంటూ సీతాలు సంబరంగా గడియ తీసి రెక్కలు నెట్టింది. కదల్లేదు. రెండు చేతులా నెట్టింది. నరేష్ పరుగున లోపలికొచ్చి భుజం ఆన్చి తోశాడు. కిటికీ కిర్రుమనైనా అనలేదు.

“ఏటి బాబాయ్, ఇది రాదేటి?” అంది సీతాలు.

తవిటయ్య మీసం దువ్వుకున్నాడు.

“ఎలాగొత్తాదే? రెండు రెక్కలకీ మజ్జినుంది సూడు, అన్నిటికంటే పెద్ద సందు అదే. ముందు దాన్నే మూసీసినాను!”