ఎదురింటి నేరేడు మొక్క

"సూడు టీచరమ్మా, సూడు! చెప్పు మొన సరిగ్గా మా ఇంటి దిక్కు తిప్పి కట్టింది. నా మొగానికి చెప్పు సూపించేంత పొగరు యాడ్నుంచి వచ్చినాది ఈమెకి?"

సుబ్బులమ్మ అరుపుకు బడి గోడ మీది కాకులు లేచిపోయాయి. గేటు పక్కన, నడుం దాకా వచ్చిన తన నేరేడు మొక్కకు నీళ్ళు పోస్తున్న జయంతి టీచరు బకెట్టు కింద పెట్టింది. ఒంటిపూట బడికి ఇంకా గంట కూడా కొట్టలేదు. సుబ్బులమ్మ వెనకనే ఆమె ఎదురింటి పోలేరమ్మ, పోలేరమ్మ వెనకనే ఆమె మేకలు, మేకల వెనక సగం వీధి.

"మొక్కకు దిష్టి తగలకుండా పాత చెప్పు కట్టుకుంటి. అదీ తప్పేనా?" పోలేరమ్మ కొంగు బిగించింది. "గాలికి తిరిగి ఉంటాది మొన. దిష్టి పెట్టేవాళ్ళ దిక్కే తిరిగితే నేనేం సేసేది?"

"నీ పుల్లకు దిష్టి ఒకటా మే!"

"పుల్ల నీది! పాలగిన్నెలు కడిగిన నీళ్ళు పోసి పోసి సాకినా నీది పుల్లే!"

"ఆ చెప్పు తియ్యకపోతే నీ మొక్కను నేనే పెరికి పారేస్తా!"

"నువ్వు పెరుకు, నేను మేకల్ని వదుల్తా. వీధి మొత్తం సాపు!"

ఆ మాట అర్థమైనట్టు మేకలు చెవులు నిక్కబొడిచాయి. జయంతి గబుక్కున తన మొక్కకు అడ్డం నిలబడింది. ఏటా పిల్లలు వీధి పొడుగునా మొక్కలు నాటడం, పోలేరమ్మ మేకలు మేసేయడం. ముళ్ళకంప కడితే కంపతో సహా నమిలేశాయి. ఈసారి ఏ దేవుడు కరుణించాడో, ఇంత ఎండల్లో కూడా ఇంటింటి ముందరా ఒక నేరేడు పచ్చగా నిలబడి ఉంది. మేకల్ని పోలేరమ్మే కర్ర పట్టుకుని తరుముతోంది. జయంతి మాత్రం తక్కువ తిన్నదా? కిందపల్లె బడిలో రెబెకా టీచరు మొక్క భుజం దాకా వచ్చిందని చెవిన పడినప్పటి నుంచి, ఆదివారం కూడా పలమనేరులో బస్సెక్కి వచ్చి నీళ్ళు పోసి పోతోంది. పిల్లలకు ఆదర్శంగా ఉండాలి కదా అని మొగుడికి చెప్పుకుంది.

"ఆగండి పెద్దమ్మా! అసలు ఎవరిది పొడుగు, ఎవరిది పొట్టి అనే పంచాయితీ మీకెందుకొచ్చింది?"

"ఎందుకొచ్చిందా? దాని మొక్క నా మొక్క కంటే జానెడు ఎక్కువుండాదని మీ నాలుగో తరగతి మహిత చెప్పలా?"

పోలేరమ్మ కొంగు జారింది. "మహితా? నాకు నీదే జానెడు ఎక్కువని చెప్పిందే!"

"కొలిచి చూసుకోలేదా మీరు?" అంది జయంతి.

"ఏం మాటమ్మా అది! పెరిగేదాన్ని కొలిస్తే గిడసబారిపోదా?" ఈ ఒక్క విషయంలో ఇద్దరిదీ ఒకే గొంతు.

అందరి కళ్ళూ చీపురు పట్టుకుని నిలబడిన మహిత మీదికి తిరిగాయి. ఆ పిల్ల రెప్పైనా వాల్చలేదు.

"అది పాత సంగతి అవ్వా. ఇప్పుడు కిందపల్లె అవ్వల మొక్కలు మీ రెండిటినీ మించిపోయినాయంట. మన వీధిలోవి మొక్కలా, పొయ్యిలో పుల్లలా అని నగుతున్నారంట."

"ఎవురు మే నగేది? కిందపల్లోళ్ళా?" సుబ్బులమ్మ ముక్కుపుటాలు అదిరాయి.

"తాగేదానికి నీళ్ళు లేక మన ట్యాంకు కాడికి బిందెలెత్తుకొచ్చేవాళ్ళు నగేదా? పదొదినా!" అంది పోలేరమ్మ. "ఆ గిన్నెలు కడిగిన నీళ్ళు నా మొక్కకూ రెండు చెంబులు పొయ్యి. గంపెడు మేక పెంటికలు నీ మొక్క మొదట్లో నేను పోస్తా."

"మరి ఆ చెప్పు?"

"కిందపల్లె దిక్కు తిప్పి కడదాం, రా!"

వదినా వదినా అనుకుంటూ ఇద్దరూ పోయారు. మేకలు నిరాశగా వెనక నడిచాయి.

జయంతి మహిత చెవి పట్టుకుంది. "ఊరందరికీ ఇట్లనే చెప్పినావా?"

"అవును మేడం. మేకల్ని ఆపడం మా వల్ల కాలేదు. మేకలవాళ్ళను ఆపితే చాలనుకున్న్యాం."

"అబద్ధాలు చెప్పచ్చా?"

"అబద్ధం కాదు మేడం. ఈ అవ్వకు చెప్తే ఈమె నీళ్ళు పోస్తాది, ఆ అవ్వకు చెప్తే ఆమె పోస్తాది. ఇయ్యాల కాకపోయినా ఎప్పుడో ఒకప్పుడు నిజమైపోతాది గదా."

జయంతి చెవి వదిలేసింది. పిల్ల తుర్రుమంది. నవ్వు ఆపుకోలేకపోయింది టీచరు. ఎంత ఎర్రి జనం! తల నెరిసినా, వేలెడంత పిల్ల ఒక మాట అంటే పోటీ పడి నీళ్ళు మోయడమేనా?

నవ్వుకుంటూనే బకెట్టు ఎత్తి మిగిలిన నీళ్ళు తన మొక్క మొదట్లో పోసింది. అంతలో ఫోను మోగింది.

"అక్కా, నేను కిందపల్లె బడి రెబెకాను. పొద్దున్నే విసిగిస్తున్నానని అనుకోవద్దు. నీ నేరేడుకు ఏం ఎరువు వేస్తాండావో కొంచెం చెప్పక్కా. అది నీ తలను మించిపోయిందని మీ మహిత సంతలో కనబడి చెప్పినప్పటి నుంచి ఆదివారం కూడా బస్సెక్కి వచ్చి నీళ్ళు పోస్తా ఉండాను, నాది ఇంకా మోకాలు దాటలేదు!"